అరవై ఒక్క శాతం దగ్గర ఆగిన పెళ్లి

ఇరవై రెండేళ్లు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసి బతికాను. నా పెళ్లికి మాత్రం వీడియో లేదు. ఏడు ఫోటోలున్నాయి, వాటిలో రెండింట్లో నేను కళ్లు మూసుకుని ఉన్నాను. మెడనొప్పీ, చూపు తగ్గడమూ ఒకేసారి మీద పడి నన్ను ఆ కుర్చీలోంచి లేపేశాయి. ఇప్పుడు జడ్చర్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని రోడ్డు చూడటమే పని.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటారు. "సిస్టం గిట్లంటాంది, ఏం చెయ్యాలె సార్?" అని ఫోన్లో తీసిన ఫోటో చూపిస్తారు. తెర మీద ఒక చిన్న డబ్బా, దాంట్లో ఒకటిన్నర లైను ఇంగ్లీషు, కింద 'ఓకే' అనే బటన్. ఏదీ ఓకే కాని చోట కూడా దానికి అదే పేరు. నాకు తెలిస్తే చెప్తాను. తెలియకపోతే తెలియదంటాను. ఆ రెండో మాట అనడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఎలా వచ్చిందో ఒకసారి రాసిపెట్టమని ఆ పిల్లలే అడిగారు. నాకు గొప్ప తెచ్చే సంగతి కాదు గానీ రాస్తున్నాను.

మా మిక్సింగ్ సెంటరు జడ్చర్లలో ఒక పురుగుమందుల దుకాణం మీద మేడలో ఉండేది. ఎండాకాలం కింద నుంచి మందుల వాసన మెట్లెక్కి పైకొచ్చేది. మేము ముగ్గురం. ఓనరు పార్టీలతో మాట్లాడేవాడు, నేను కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ని, కెమెరా పని భాయ్ చూసేవాడు. పెళ్లి చేయించుకునేవాళ్లను మా పనిలో పార్టీ అంటాం. భాయ్ అంటే మా కెమెరామన్. నాకంటే మూడు నాలుగేళ్లు చిన్న. రీలు కెమెరాల కాలం నుంచీ ఇదే పని. పెళ్లికి పోయి వచ్చాక కెమెరా కార్డును ఒక చీటీలో చుట్టి, దాని మీద ఏ ఊరు, ఎవరి పెళ్లి అని ఉర్దూలో రాసి నా బల్ల మీద పెట్టేవాడు. ప్రతి పెళ్లిలోనూ వంటవాళ్లను తప్పకుండా తీసేవాడు. నేను తప్పకుండా కోసేసేవాణ్ని. దాని మీద మా ఇద్దరికీ ఎప్పుడూ మాట తేలలేదు.

తెలియనివాళ్ల కోసం మిక్సింగ్ గురించి నాలుగు ముక్కలు చెప్తాను. కెమెరాలో తీసిన ముక్కలన్నీ కంప్యూటరులో వరసగా పేర్చుకుంటాం. పాటలు పెడతాం, పువ్వులు రాలుస్తాం, పేర్లు వేస్తాం. అన్నీ అయ్యాక ఆ ముక్కలన్నిటినీ కలిపి ఒకే సినిమాగా కట్టమని కంప్యూటరుకు చెప్తాం. దాన్ని రెండర్ అంటాం. అప్పటి మిషన్లకు ఒక పెళ్లి కట్టడానికి ఐదారు గంటలు పట్టేది. శాతం లెక్కన ఒక గీత మెల్లగా జరుగుతుంటుంది, మనం చూస్తూ కూర్చోవాలి. మధ్యలో ఎక్కడైనా దానికి నచ్చకపోతే ఆగిపోయి ఒక డబ్బా చూపిస్తుంది.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను. అందుకని ఆ డబ్బాల్లో వచ్చే మాటలన్నీ ఒక నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకునేవాణ్ని. పక్కనే దాని అసలు అర్థం, చేయాల్సిన పని. 'మీడియా ఆఫ్‌లైన్' అని ఎర్ర తెర వస్తే ముక్క పోయిందని కాదు, నేనే ఫోల్డరు పేరు మార్చానని. 'లో మెమరీ' అంటే ఓనరు పక్కన పాటలు డౌన్‌లోడ్ పెట్టాడని. సగానికి సగం అర్థాల్లో తప్పు నాదో, ఓనరుదో అయి ఉండేది. మిషను మాత్రం ఎప్పుడూ ఎవరి పేరూ చెప్పదు.

తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు కొత్తకోటలో ఒక పెళ్లి పట్టుకున్నాం. పెళ్లికూతురు తండ్రిది హైవే పక్కన సిమెంటు దుకాణం, దాని వెనకే ఇల్లు. అతని వాళ్లు తాతల నాడు గొర్రెలు కాసుకున్నవాళ్లే. ఇతను మాత్రం చిన్నప్పుడే మంద వదిలి లారీల వెంట పడి, దుకాణం దాకా వచ్చాడు. పెళ్లికూతురు తల్లిది మక్తల్ దిక్కు పల్లె. ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు. అతను ఇంకా మంద వెంటే తిరుగుతున్నాడు.

ఆ పెళ్లికి నేను పోలేదు, నేనెప్పుడూ పోను. పెళ్లంతా చూసింది నా తెర మీదే. పెళ్లికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తెచ్చే ఘట్టం నాకు బాగా గుర్తుంది. మేనమామ బక్కపలచటి మనిషి, కొత్త తలపాగా. గంపలో అందరూ పట్టుచీర మడతేసి పరుస్తారు. అతను భుజం మీది నుంచి కొత్త నల్లగొంగడి తీసి, రెండు మడతలేసి పరిచాడు. తన గొర్రెల బొచ్చుతో నేయించింది కాబోలు, అంచుకు తెల్ల గీత ఉంది. మేనకోడల్ని దాని మీద కూర్చోబెట్టి, ఇంకో ఇద్దరి చేయి సాయంతో ఎత్తి నడిచాడు. మొత్తం నాలుగు నిమిషాలు. కెమెరా పక్కనే ఎవరో పెళ్లికొడుకు వైపు మనిషి, "పెండ్లిల గొంగడేంది, తియ్యుండ్రి" అన్నది చెవుల్లో పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో వినిపించింది. ఇలాంటి మాటలు ప్రతి పెళ్లిలోనూ ఉంటాయి. మేము చేసే పని ఒకటే, ఆ ముక్క శబ్దం మొత్తం తీసేసి పాట పెట్టడం. ముందూ వెనకా వినకుండా అదే చేశాను. ఆ ముక్క మీద 'మేనమామ' అని బంగారు అక్షరాలేసి, చుట్టూ మల్లెదండ తిరిగేటట్టు పెట్టాను. ఆ దండ హైదరాబాదులో నాకు తెలిసిన ఒకాయన కొత్తగా ఇచ్చింది. చాలా బాగుందనుకున్నాను.

రెండర్ పెట్టాను. అరవై ఒక్క శాతం దగ్గర ఆగింది. డబ్బాలో ఉన్నది కూడబలుక్కుని చదివాను. 'అన్‌నోన్ ఎర్రర్'. ఏం తప్పో తెలియదు అని. నా నోటుబుక్కులో ఆ మాట లేదు. సిస్టం ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అరవై ఒకటి. సిస్టంలో పేరుకున్న పాత ఫైళ్ల చెత్తంతా తుడిచేశాను. అరవై ఒకటి. ఇంకో డిస్కులోకి మార్చాను. మూడు గంటలు కూర్చున్నాక మళ్లీ అరవై ఒకటి. రెండు రోజులు ఇదే. హైదరాబాదాయనకు ఫోన్ చేస్తే అతనూ ఆ మాట ఎప్పుడూ చూడలేదన్నాడు. బల్ల పక్కన ఇంకో మూడు పెళ్లిళ్ల కార్డులు చీటీల్లో చుట్టి ఉన్నాయి. మూడో రోజు పొద్దున ఓనరు పైకొచ్చి, పార్టీ మర్నాడు వస్తోందని చెప్పి, నా ముఖం చూసి దిగిపోయాడు.

అరవై ఒక్క శాతం అంటే సినిమాలో ఎక్కడో లెక్క కట్టాను. సరిగ్గా గంప ముక్క. దాన్ని తీసేసి రెండర్ పెట్టి చూశాను. గీత అరవై ఒకటి దాటింది, డెబ్బై దాటింది, సాయంత్రానికి నూరు కొట్టింది. అలంకరణ నుంచి నేరుగా పందిరికి పోతుంది కథ, పాట కూడా అతుకు తెలియకుండా కలిసింది. నాలుగు నిమిషాలే కదా అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ సాయంత్రం నాకు సంతోషమే వేసింది.

ఓనరుకు ఏదో ఒకటి చెప్పాలి కదా. కార్డులో ఆ ముక్క ఖరాబైందన్నాను. అబద్ధమని అనుకుని చెప్పలేదు. ముక్క తీసేస్తే నడిచింది కాబట్టి తప్పు ముక్కలోనే ఉందని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. భాయ్‌తోనూ అదే అన్నాను. అతను కార్డును వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి చూసి, "నేను మంచిగనే తీసిన అన్నా" అన్నాడు. నేను తల ఊపాను. అతను ఆ కార్డును చీటీతో సహా జేబులో పెట్టుకుపోయాడు. పార్టీ వచ్చింది, అక్కడక్కడా చూసుకుంది, పెన్‌డ్రైవ్‌లు తీసుకుపోయింది. నేను ఇంకో పెళ్లిలో పడ్డాను.

రెండేళ్లు గడిచాయి. కొత్తకోట అప్పటికే వేరే జిల్లా, ఇప్పుడు మక్తల్ కూడా ఇంకో కొత్త జిల్లాకు పోయింది. ఒక మధ్యాహ్నం చంకలో పిల్లతో ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. నేను గుర్తుపట్టాను. ఆమెకు నేను తెలియకపోయినా, ఆమె ముఖం వారం రోజులు నా తెర మీద ఉంది.

కూర్చోమన్నాను. కూర్చోకుండానే అడిగింది, "సార్, మా పెండ్లి వీడియోల మా మామ గంప ఎత్తింది లేదు. ఎవరు తియ్యమన్నరు?"

ఎవరూ తియ్యమనలేదన్నాను. అప్పుడు కూర్చుని చెప్పింది. పెళ్లయిన నెలకు కొత్తకోట ఇంట్లో అందరూ కలిసి ఆ వీడియో చూశారట. మామ మంద ఇంకొకరికి అప్పజెప్పి, భార్యను తీసుకుని, పెళ్లినాటి తలపాగా చుట్టుకుని దాని కోసమే వచ్చాడట. టీవీ ముందు నేల మీద కూర్చున్నాడట. అలంకరణ అయింది, ఆ వెంటనే పందిరి వచ్చింది. అతను కొంచెంసేపు చూసి, గంప ముందొస్తుందా తరవాతొస్తుందా అని మెల్లగా అడిగాడట. ఎవరూ చెప్పలేకపోయారు. చివరిదాకా కూర్చుని, లేచి, అన్నం తినకుండా బస్సెక్కాడు.

"నలుగురి ముంగట గొంగడి తెచ్చిండని మా నాయిన సిగ్గువడి కోయించిండని మామ అనుకుంటాండు" అంది. "తనకు తెల్వదని నాయిన ఫోన్ల ఒట్టు వెట్టిండు. మిషను దానంతలదే కోస్తదా అని మామ అడిగిండు. నాయిన కోపానికొచ్చి, ఇష్టముంటే నమ్ము లేకుంటే లేదన్నడు. సెంటర్ల అడుగుదమన్నా ఇనలే. ఇగ అంతే. మొన్న అమ్మ కాలు విరిగి దవాఖానల పదిరోజులున్నది. మామ రాలే."

నేను వెంటనే, కార్డు ఖరాబైందమ్మా అన్నాను. రెండేళ్ల కింద చెప్పిన మాటే, ఆలోచించకుండా నోట్లోంచి వచ్చింది. ఆమె ముఖం కొంచెం తేలికపడింది. "గదే ముచ్చట మా మామకు చెప్తరా సార్?" అని అడిగింది. చెప్తానన్నాను. మామ భార్య ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లింది.

భాయ్ కిటికీ దగ్గర కూర్చుని లెన్సు తుడుస్తున్నాడు. అంతా విన్నాడు. ఆమె మెట్లు దిగాక లేచి తన బీరువా తెరిచి, ఒక బిస్కెట్ డబ్బాలోంచి చీటీ చుట్టిన కార్డు తీశాడు. ఖరాబైందని నేనన్న రోజు నుంచి దాన్ని మళ్లీ వాడలేదు, తుడిచేయలేదు. నా కంప్యూటరులో పెట్టి, గంప ముక్క నడిపించాడు. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగలేదు, ఒక్క చుక్క చెదరలేదు.

"ఇదేనా అన్నా ఖరాబైంది?" అన్నాడు.

ఆ రోజు ఇంకే పనీ చేయలేదు. మా ఓనరు పాత పనులేవీ పారేయడు కాబట్టి ఆ పెళ్లి ఫైలు డిస్కులో అలాగే ఉంది. ముక్కను మునుపటి హంగులతో తిరిగి దాని చోట పెట్టి, ఆ ముక్క వరకే రెండర్ చేస్తూ ఒక్కొక్కటే తీసి చూశాను. పాట తీసినా ఆగింది. పువ్వులు తీసినా ఆగింది. మల్లెదండ తీశాను. నడిచింది. దండ పెట్టాను. ఆగింది. అనుమానం లేకుండా మూడుసార్లు అలాగే చేశాను. ఆ దండ వేరే రకం సాఫ్ట్‌వేర్ కోసం చేసిందని హైదరాబాదాయన అప్పుడు చెప్పాడు, మా దానికి పడలేదు. ముక్కలో ఏ తప్పూ లేదు. నేను దాని మీద వేసిన అలంకారంలో ఉంది తప్పు. రెండేళ్ల కింద ఆ దండ ఒక్కటి తీసేసి చూసి ఉంటే సరిపోయేది. ముచ్చటపడి పెట్టుకున్నది కాబట్టి దాని మీద నాకు అనుమానమే రాలేదు. మనిషిని కోశాను, దండను ఉంచుకున్నాను. మనిషి పోయాక దండకు పని లేక అదీ పోయింది, అది వేరే మాట.

భాయ్‌ని పిలిచి చూపించాను. తప్పు నాదన్నాను.

"రెండేండ్ల సంది పెండ్లికి పోతే రెండు కెమెరాలు వట్టుకపోతున్న అన్నా" అన్నాడు. "ఒకటి నడుస్తుంటెనే ఇంకోటి ఆన్ చేస్త. నా చెయ్యి మీద నాకే నమ్మకం వోయింది."

రెండు కెమెరాలు ఎందుకు మోస్తున్నాడో నేను ఒక్కరోజు కూడా అడగలేదు. వయసు మీద పడి చాదస్తం వచ్చిందనుకున్నాను. ఆ మాట ఓనరుతో అని నవ్వాను కూడా.

ఓనరుకు చెప్తే, కొత్త పెన్‌డ్రైవ్ చేసి ఆ అమ్మాయికిచ్చేద్దాం, టెక్నికల్ ప్రాబ్లం అని చెబుదాం, నువ్వు పోయి మొత్తుకోవాల్సిన పనేముంది అన్నాడు. చెడ్డవాడు కాదు. సెంటరు పేరు పోతుందని అతని భయం. నాకూ పోవాలని లేదు. నిజానికి ఆ పెన్‌డ్రైవ్ మాటకు సగం ఒప్పుకున్నాను. అప్పుడు భాయ్, తాను ఆదివారం ఖాళీ అనీ, పొద్దున ఏడింటి బస్సుకు మహబూబ్‌నగర్ పోతే అక్కడ మక్తల్ బస్సు దొరుకుతుందనీ చెప్పాడు. అలా బయల్దేరాం.

మక్తల్‌లో దిగి ఫోన్ చేస్తే మామ భార్య ఎత్తింది. మంద ఇప్పుడు కృష్ణా నది దిక్కు ఒక రైతు చేన్లో దిగి ఉందని చెప్పి, ఆటోవాడికి తోవ చెప్పింది. ఎరువు కోసం రైతులు తమ చేన్లలో మందను నిలుపుకుంటారు. కోసిన జొన్న చేను, చుట్టూ వల కట్టి ఉంది. మధ్యాహ్నం కావస్తోంది, ఎండ తెల్లగా కొడుతోంది. మామ మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. పోలీసులో, బ్యాంకువాళ్లో అనుకున్నట్టున్నాడు. అయినా ముందు చెంబుతో నీళ్లిచ్చాడు.

నీళ్లు తాగి నేను ఎవరో చెప్పాను. అతని ముఖం బిగుసుకుంది. బస్సులో రెండున్నర గంటలు నేను తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"గంప ఎత్తింది కోసింది నేనన్నా" అన్నాను. "మీ బావ కాదు. ఆయనకు తెల్వనే తెల్వదు."

అతను నమ్మలేదు. "బావ తోలిండా మిమ్ముల?" అని అడిగాడు. లేదని భాయ్ చెప్పాడు. మీ బావకు మేమొచ్చిన సంగతే తెలియదన్నాడు. నేను లాప్‌టాప్ తెరిచాను. ఎండకు తెర మీద మా ముఖాలు తప్ప ఏమీ కనపడలేదు. ఎటు తిప్పినా అంతే, ఆ చేన్లో చెట్టు లేదు. మామ భార్య గుడిసె మీది నుంచి గొంగడి లాగి తెచ్చింది. మామా, అతని భార్యా, నేనూ లాప్‌టాప్ ముందు కూర్చుని గొంగడి తలల మీదుగా కప్పుకున్నాం. గాలికి లేవకుండా భాయ్ బయట అంచులు పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఉడుకు, ఉన్ని వాసన. ముక్క నడిపించాను.

కార్డులోంచి నేరుగా తెచ్చిన ముక్క అది. దాని మీద పాట లేదు, అసలు శబ్దమే ఉంది. ఆ సంగతి నేను మరిచిపోయాను. డప్పుల మధ్యలోంచి, "పెండ్లిల గొంగడేంది, తియ్యుండ్రి" అన్న మాట స్పష్టంగా వచ్చింది. నా చేయి ఆపేయడానికి పోయింది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. బొమ్మ నడుస్తూనే ఉంది. గంప లేచింది. అప్పుడు ఇంకో గొంతు వచ్చింది, కొంచెం దూరం నుంచి, డప్పుల్లో సగం మునిగిపోయి.

"మల్ల వెయ్యి" అంది మామ భార్య.

మళ్లీ వేశాను. మూడోసారికి ముగ్గురికీ వినపడింది. పెళ్లికూతురు తండ్రి గొంతు. "మా బామ్మర్ది తెచ్చిండు. ఎవ్వరు ముట్టొద్దు, ఉండనియ్యుండ్రి."

డప్పుల హోరులో గంప మోస్తున్న మామకు అప్పుడది వినపడలేదు. నేనైతే వినగలిగి కూడా వినలేదు. మొదటి మాట వినగానే శబ్దం మొత్తం తీసేశాను.

మామ గొంగడి పక్కకు లాగి బయటికొచ్చాడు. మంద చుట్టూ కట్టిన వల దాకా పోయి, ఊడిన ముడి ఒకటి బిగించాడు. అతని భార్య కొంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి దగ్గరకు పోయింది. తిరిగి వచ్చాక అతను నన్ను అడిగింది ఒకటే.

"ఆగినప్పుడు ఆ మిషను ఏమన్నది నీతోని?"

"ఏం తప్పో నాకు తెల్వదన్నది" అని చెప్పాను.

"దానికి తెల్వదు, సరే" అన్నాడు. "నువ్వు కోసినట్టు నీకు తెలుసు గద. ఆనాడే ఒక్కమాట చెప్పుంటె అయిపోవు."

నాకు క్షమించమని అడగాలని కూడా అప్పుడు తట్టలేదు. అతను కోపంగా అనలేదు. లెక్కలో తప్పు దొరికినవాడిలా అన్నాడు. తరవాత మమ్మల్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెట్టించాడు. బయల్దేరేటప్పుడు ఆటో దాకా వచ్చి, "మా బావను నేను గూడ అనరాని మాటలన్న. నువ్వు ఆయన ముంగట ఈ ముచ్చట చెప్పు. నా ముంగట చెప్పినట్టే" అన్నాడు.

కొత్తకోటకు పోవడం మక్తల్ కంటే కష్టమైంది. ఆ బుధవారం పోయాం. తండ్రి దుకాణంలో ఉన్నాడు. సిమెంటు దింపుతున్న కూలీల ముందే చెప్పాను, ఎందుకంటే అతను లోపలికి రమ్మనలేదు. ముక్క నేనే కోశానని, రెండేళ్లు కార్డు మీదికి నెట్టానని, మక్తల్ పోయి వచ్చామని, గొంగడి కింద విన్న మాటతో సహా చెప్పాను. అతను నిలబడే విన్నాడు.

"రెండేండ్లు నా ఇంట్ల నేను అబద్ధాలోన్ని" అన్నాడు. "నా పెండ్లాం నా ముఖం దిక్కు సక్కగ చూడలే."

అంతే. గోడౌన్‌లోకి వెళ్లిపోయాడు, మళ్లీ బయటికి రాలేదు. మేము అరగంట నిలబడ్డాం. తిట్టి ఉంటే బాగుండేది. మేము వెనక్కి మళ్లుతుంటే దుకాణం వెనక తలుపు దగ్గర ఆ అమ్మాయి తల్లి కనపడింది. చేతికర్ర మీద ఆనుకుని ఉంది, ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. వీడియో గురించి ఒక్క ముక్క అడగలేదు. "మా తమ్ముడు బక్కగైండా?" అని అడిగింది. బాగానే ఉన్నాడమ్మా అన్నాడు భాయ్. ఆమె తల ఊపి లోపలికి పోయింది.

తరవాత వారం ఆ పెళ్లి మొత్తం మళ్లీ కట్టాను. గంప ముక్క దాని చోట పెట్టాను. దాని మీద పాట పెట్టలేదు, పేరు వేయలేదు. డప్పులు, మాటలు అన్నీ అలాగే ఉంచాను. పెళ్లికొడుకు వైపు మనిషి మాట తీసేయాలా అని ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. పార్టీని అలా అడగడం నాకు అదే మొదటిసారి. ఆమె కొంచెం ఆలోచించి, అది తీసేస్తే నాయిన ఎవరికి జవాబు చెబుతున్నాడో తెలియదు కదా సార్, ఉండనివ్వండి అంది. వంటవాళ్ల ముక్క కూడా పెట్టాను. భాయ్ దాన్ని రెండుసార్లు వేయించుకుని చూశాడు.

అప్పటి నుంచి మిషను మొండికేసి నేను ఏ ముక్క తీసేసినా కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌తో పాటు పార్టీకిచ్చేవాణ్ని. ఫలానా చోట ఇన్ని నిమిషాలు తీశాను, కారణం నాకు తెలియలేదు అని. ఓనరుకు అది నచ్చేది కాదు. కొందరు పార్టీలు ఆ కాగితం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు. ఒకాయన చదివి, చెప్పకపోతే తెలిసేదే కాదు కదా అన్నాడు. ఇంకొకాయన ఇంకో పది నిమిషాలు తీసేయమన్నాడు, వియ్యంకుడి ఉపన్యాసం. పిల్లలూ, నేను మీకు చెప్పేది పెద్ద విద్యేమీ కాదు. తెలియదని మిషను అంటే అది దాని మాట. దాన్ని తీసుకుపోయి ఇంకొకరి చేతి మీద పెట్టకండి.

నెలా పదిరోజులకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మామ వచ్చాడట. భార్యను తీసుకుని, చెప్పాపెట్టకుండా పొద్దుటి బస్సుకు దిగాడట. తండ్రి దుకాణం దగ్గరే చూసి, షట్టరు సగానికి దించి ఇంట్లోకి తీసుకొచ్చాడట. రెండు రోజులున్నారని చెప్పింది.

నాకు ఆగలేదు. కొత్త వీడియో చూశారా, గొంతు వినపడిందా అని అడిగాను.

"లే సార్, పెట్టనే పెట్టలే" అంది. "పెడ్తనని నేనే అన్న. ఇద్దరు ఇనలే. రెండు దినాలు కూసొని మాట్లాడుకుంటనే ఉన్నరు."

ఫోన్ పెట్టేసి భాయ్‌కి చెప్పాను. అతను మర్నాటి పెళ్లికి సంచి సర్దుకుంటున్నాడు. "మంచిదే గదన్నా" అన్నాడు. కెమెరా ఒక్కటే సంచిలో పెట్టి, జిప్పు వేసుకుని మెట్లు దిగిపోయాడు.